కంప తీసిన చేను

నీ పుస్తకంలోని ఫోటోలో ఆయన కుడిచెయ్యి కోటు జేబులో ఎందుకు పెట్టుకున్నాడని అడిగావు కదా. దర్జాకి కాదు. ఆ చేతికి రెండు వేళ్లు లేవు. నరికింది మా మేనమామ. ఆ రక్తం నా ఓణీ మీద కూడా పడింది. మూడుసార్లు ఉతికినా పోలేదు, చివరికి దాన్ని మసిగుడ్డ చేసింది మా అమ్మ.

రాసుకో. పెన్ను నమలకు, ఇంకు నోట్లోకి పోతుంది.

ఆయన రాసిన పరిశోధనలు చదివి పట్టాలు తీసుకున్నవాళ్లే నీకు కాలేజీలో పాఠాలు చెప్తున్నారంటున్నావు. ఆయన పేరు మీద ఒక హాలు కూడా ఉందంటున్నావు. ఉండనీ. ఆయన పుంగనూరుకి వచ్చిన రోజు మాత్రం ఒక ట్రంకు పెట్టె, ఒక ఫ్లాస్కు, ముక్కు మీద కోపం తప్ప ఇంకేం లేవు. కోస్తా మనిషి. పాతికేళ్లు దాటి ఉండవు. ఊళ్లో అందరూ రాగుల సారు అనేవాళ్లం. మదనపల్లె రోడ్డు పక్కన సర్కారు ఇచ్చిన మెట్టచేను ఆయనది. అందులో వరసలు వరసలుగా రాగులు వేసేవాడు, ఒక్కో వరసకి ఒక్కో చీటీ. ఆ చీటీలు రాసేది నేను. మిషన్ బడిలో చదువుకున్నాను, అక్షరం గుండ్రంగా ఉంటుంది. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. చేనుకి కావలి మా మేనమామ, అంటే మా అమ్మ తమ్ముడు. మా నాన్న అప్పటికే పోయాడు.

సారు చేసే పని ఏమిటో నీకు నేను చెప్పక్కర్లేదు, అయినా రాయి, చదివేవాళ్లకి తెలియాలి. రాగిపువ్వు ఎంతుంటుందంటే, ఆవగింజని నాలుగు చేస్తే అందులో ఒకటి. అందులోనే ఆడా మగా రెండూ ఉంటాయి. తలుపు వేసుకుని తమలో తామే కలిసి గింజ కట్టుకుంటాయి, బయటివాణ్ణి రానివ్వవు. రెండు రకాల్ని కలపాలంటే ముందు ఒకదానిలో మగవాణ్ణి చంపాలి. ఎలా చంపుతావు? అంత చిన్న పువ్వులో కత్తెర పట్టదు. సారు వేన్నీళ్లు ఫ్లాస్కులో పోసి, చేను మీద ఉన్న ఎన్నుని వంచి తలకిందులుగా అందులో ముంచేవాడు. నీళ్లు చల్లగా ఉంటే మగవాడు చావడు, మరిగితే ఆడది కూడా చస్తుంది. చెయ్యి పెడితే ఓర్చుకోలేని వేడి ఉండాలి, కానీ బొబ్బ ఎక్కకూడదు. ఆ వేడిని ఆయన వేలితో చూసేవాడు. ఆ చూపుడువేలు ఎప్పుడూ ఎర్రగా కమిలి ఉండేది.

కలుపు తీసే ఆడవాళ్లు ఊరుకుంటారా?

"ఏం సారూ, మొగోళ్లని వేన్నీళ్లలో ముంచి సంపుతాండావంట! మా ఇంట్లో ఒగడుండాడు, తోలుకొచ్చేదా?"

"వాన్ని ముంచేదానికి ఫ్లాస్కు సాలదక్కా, అండా కావల్ల."

సారుకి చెవులు ఎర్రబడేవి. నవ్వడం రాదు ఆయనకి, కోపమే వచ్చేది. ఒకసారి ఒక కూలివాడు తప్పు వరసలో చీటీ పెట్టాడని ఆ చీటీకట్టెతోనే వాడి చెంప చీరేశాడు. మా మామని కూడా ఒకసారి కొట్టాడు, ఎలుక ఒక ఎన్ను కొరికిందని. మామ ఆ రోజంతా కలుగులు తవ్వి, దొరికిన ప్రతి ఎలుకనీ బండరాయి మీద బాది, తోకలన్నీ గుత్తిగా కట్టి తెచ్చి సారు బల్ల మీద పెట్టాడు.

"ఇవి లెక్కేసుకో అప్పా. ఇంగోసారి నా మీద సెయ్యెత్తితే ఈ వరసలో నీ తోక కూడా సేరుస్తా."

సారు తెల్లబోయాడు. ఆ తరవాత మామ మీద చెయ్యెత్తలేదు. నిజం చెప్పాలంటే, ఆ చేను మీద సారుకెంత పిచ్చో మామకీ అంతే. పిట్టల్ని వడిసెలతో తలకాయకి గురిచూసి కొట్టేవాడు. అడవిపంది వస్తే ఈటెతో పొడిచేవాడు. పొద్దున్నే మేం వెళ్లేసరికి గట్టు మీద ఏదో ఒకటి చచ్చి పడి ఉండేది.

ఆ పైరులో అంత ఏముందంటావా? మన వైపు రాగికి ఎన్ను పెద్దదే, కానీ అగ్గితెగులు వస్తే మెడ దగ్గర నల్లబడి విరిగి వేలాడేది, ఉరి తీసినట్టు. బైరెడ్డిపల్లె గుట్టల్లో ఇంకో రాగి ఉంది, కణుపులు ఊదా రంగు, ఎన్ను చిన్నది, కానీ ఏ తెగులూ అంటదు. ఆ రెంటికీ పెళ్లి చేశాడు సారు. పుట్టిన మొక్క కణుపు ఊదాగా ఉంటే కలిసినట్టు, పచ్చగా ఉంటే కలవనట్టు. పచ్చకణుపు కనబడితే గొంతు పిసికినట్టు పట్టుకుని పీకి పారేసేవాడు. అలా నాలుగేళ్లు వేసి, పీకి, ఏరి, మళ్లీ వేసి, చేనంతటిలో చివరికి ఒక్క వరస మిగిల్చాడు. ఎన్ను వేళ్లు లోపలికి ముడుచుకుని పిడికిలిలా ఉండేది. మెడ ఇనుము. ఆ వరసలో ప్రతి ఎన్నుకీ ఒక కాగితపు సంచి తొడిగి, దారం కట్టి, చీటీ పెట్టింది నేనే. అవి పోతే నాలుగేళ్లు పోయినట్టే. ఇంకెక్కడా ఒక్క గింజ లేదు.

అది ఆకలి ఏడాది. యుద్ధం ఎక్కడో జరుగుతోంది, బియ్యం ఇక్కడ మాయమైంది. చింతగింజలు ఉడకేసి తిన్నాం. రేషన్ గింజల దగ్గర ఆడవాళ్లు జుట్లు పట్టుకుని కొట్టుకున్నారు. ఒకామె చెవికమ్మ లాగితే చెవి తెగి చేతికొచ్చింది, నేను చూశాను.

ఇప్పుడు కంప సంగతి చెప్తాను, ఇది రాయకపోతే మిగతాది అర్థం కాదు. మన వైపు చేను కోసి కుప్ప కళ్లానికి తోలాక, చేలో మిగిలింది పరిగె ఏరుకునేవాళ్లది. బీదాబిక్కీ ఎవరైనా రావచ్చు. కానీ ఆసామికి చేలో ఇంకా పనుంటే, దారికి అడ్డంగా తుమ్మకంప వేస్తాడు. కంప ఉన్నంతకాలం ఎంత ఆకలిగా ఉన్నా ఎవరూ కాలు పెట్టరు. ఆసామి తరఫున ఎవరైనా కంప తీశారంటే, రండని పిలిచినట్టు. దానికి దండోరా అక్కర్లేదు.

సారు పనికిరాని వరసలన్నీ ముందే కోయించి కళ్లానికి పంపాడు. సంచులు తొడిగిన ఆ ఒక్క వరసనీ నిలబడే ఎండనిమ్మని వదిలాడు. చేనంతా మోడు, మధ్యలో ఒక్క వరస. మామ పెద్ద తుమ్మకంప తెచ్చి దారికి అడ్డం వేసి, తాళ్లు కావాలని సోమల సంతకి పోయాడు.

ఆ పొద్దున మద్రాసు నించి సారు పై అధికారి వస్తున్నాడు, కారులో. సారు నున్నగా గడ్డం గీసుకుని, తెల్ల ప్యాంటు వేసుకుని వచ్చి, కంప చూశాడు.

"ఏమిటీ ముళ్లు? టైరుకి గుచ్చుకుంటే? తీసి పారెయ్యి."

"సార్, మా మామ వచ్చినాక సెప్పి..."

"నీకొక్కసారి చెబితే అర్థం కాదా?"

తీశాను. నాకు తెలుసు తీయకూడదని. కారు పోగానే మళ్లీ అడ్డం వేద్దామనుకున్నాను. లాగుతుంటే ఒక ముల్లు అరచేతిలో దిగి విరిగింది.

అధికారి వచ్చాడు. ఎన్నుల వంక అయిదు నిమిషాలు చూశాడు, చీటీల వంక ఎక్కువ సేపు చూశాడు. "ఈ చేతిరాత ఎవరిది?" అని అడిగాడు. సారు నన్ను చూపించాడు. ఆయన బాగుందన్నట్టు తలూపాడు. అంతే. ఆ తల ఊపడంతో నాకు మతి పోయింది. కారు అటు పోయింది, సారు బంగళాకి భోజనానికి పోయాడు, నేను మా అమ్మకి చెప్పాలని ఇంటికి పరుగెత్తాను. కంప గట్టు పక్కనే పడి ఉంది.

ఇంట్లో అమ్మ లేదు. పక్కింటి ముసలవ్వ గుమ్మంలో కూర్చుని ఉంది.

"మీయమ్మా? సారు సేన్లో కంప తీసినారంటనే. అందురూ కొడవండ్లు తీసుకోని పొయినారు. నాకు కాళ్లు లేవు గాని లేకుంటే నేనూ పొయ్యుందును."

ఎలా పరుగెత్తానో నాకు తెలియదు. వెళ్లేసరికి ముప్పైమంది ఆడవాళ్లు ఆ వరస మీద పడి ఉన్నారు. కాగితపు సంచులు చింపి గాలికి వదులుతున్నారు, చేనంతా కొంగలు వాలినట్టు తెల్లగా ఎగురుతున్నాయి.

"సూడే, సారు రాగులకి సొక్కాలు కుట్టిచ్చినాడు!"

"మనకి రైకలు లేవు గాని రాగులకి సొక్కాలంట!"

మా అమ్మ ముందు వరసలో ఉంది. ఒడి నిండి ఉంది. నేను వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"అమ్మా, కొయ్యొద్దు, అవి విత్తనాలు. నాలుగేండ్ల పంట."

"కంప తీసినాక విత్తనమేంది, తవుడేంది? సెయ్యి వదులు."

అప్పుడు సారు వచ్చాడు. బంగళా నించి ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చాడు. వరసలు కొలిచే టేకు కర్ర ఒకటి ఉండేది, రెండు కొసలా ఇత్తడి తొడుగు. అది పట్టుకుని అరుస్తున్నాడు, ఆ అరుపులో మాటలు లేవు. మొదటి దెబ్బ ఒక ముసలామె వీపు మీద పడింది, ఆమె అలాగే బోర్లా పడింది. రెండోది ఇంకొకామె మోచేతి మీద, ఎముక చప్పుడు నాకు వినిపించింది. మూడోది మా అమ్మ నెత్తి మీద. ఇత్తడి కొస. కొబ్బరికాయ పగిలిన చప్పుడు. అమ్మ పడలేదు ముందు. నన్ను చూసి ఏదో అనబోయింది. రక్తం కళ్లలోకి దిగింది, అప్పుడు కూలబడింది. పడుతూ కూడా ఒడి రెండు చేతుల్తో గుప్పిట పట్టుకుంది.

సారు ఆగలేదు. నాలుగో దెబ్బకి కర్ర ఎత్తాడు.

మామ సంత నించి వస్తున్నాడు. భుజాన తాళ్లచుట్ట, చేతిలో మచ్చుకత్తి. గట్టు మీద నించి ఆయనకి కనిపించింది ఒక్కటే, పడి ఉన్న అక్క, ఆమె మీద ఎత్తిన కర్ర. ఒక్క మాట మాట్లాడలేదు. ఎలుకల్ని బాదినప్పుడు కూడా బూతులు తిట్టేవాడు, ఇప్పుడేమీ అనలేదు. కత్తి మెడకే వేశాడు. సారు కర్ర వదిలి చెయ్యి అడ్డం పెట్టాడు. చూపుడువేలు, నడిమివేలు మోళ్ల మధ్య పడ్డాయి. వేడి చూసే వేలు. అది కాసేపు కదిలింది. నేను చూశాను, కదిలింది.

మరుక్షణం ఆడవాళ్లు సారు మీద మట్టిగడ్డలు విసిరారు, సర్కారు కూలీలు మామ మీద పడ్డారు. పార కర్రతో మామ పిక్కల మీద కొట్టి పడేసి, ఆయన తెచ్చిన తాళ్లతోనే ఆయన్ని కట్టేశారు. పోలీసులు వచ్చి తీసుకుపోయేదాకా మొహం మీద తంతూనే ఉన్నారు.

మదనపల్లె ఆసుపత్రికి బొగ్గు బస్సు ఒక్కటే దిక్కు. యుద్ధం రోజుల్లో పెట్రోలు లేక బొగ్గు కాల్చి నడిపేవాళ్లు. ఆ బస్సులోనే మా అమ్మ, ఆ బస్సులోనే సారు. ముందు సీటులో ఆయన, చేతికి తువ్వాలు చుట్టుకుని. వెనక సీటులో నా ఒళ్లో అమ్మ తల. ఎత్తు దగ్గర బస్సు ఆగిపోయింది, దిగి తొయ్యమన్నారు. అందరూ దిగారు. సారు కూడా దిగాడు, ఎడమచెయ్యి ఆనించి తోశాడు. అమ్మ లోపలి నించి గొణిగింది.

"తోస్తాండాడా వాడు?"

"తోస్తాండాడు."

"గట్టిగా తొయ్యమను. నా తల పగలగొట్టిన బలం యాడికి పొయ్యింది?"

ఆసుపత్రిలో అమ్మ తలకి కుట్లు వేశారు. నర్సు ఒడి విప్పబోతే అమ్మ వేళ్లు రాలేదు. మత్తు ఇచ్చాకే వదులయ్యాయి. ఒడిలో పదకొండు ఎన్నులు. సంచులు పోయాయి, కానీ నా చేతిరాత చీటీలు దారంతో సహా కాడలకి అలాగే ఉన్నాయి. మిగతావి ఊళ్లో ఏ ఒళ్లలోకి పోయాయో, ఆ సాయంత్రానికే తిరగట్లో విసిరి సంగటి చేసుకున్నారు. ఆకలి ఏడాది కదా. ఆ వరసకి మిగిలింది అమ్మ ఒడిలోని పదకొండే. నర్సు వాటిని మూటకట్టి అమ్మ తలగడ కింద పెట్టింది.

మూడో రోజు సారు వచ్చాడు. చెయ్యి మూరెడు కట్టుతో ఉంది. గడ్డం మాసి, మొహం పీక్కుపోయి సన్యాసిలా ఉన్నాడు. మంచం పక్కన నిలబడ్డాడు.

"అమ్మా, ఆ ఎన్నులు మీ దగ్గర ఉన్నాయట. నాకు ఇచ్చెయ్యండి."

అమ్మ కళ్లు తెరవలేదు. "ఏ ఎన్నులు? అది నా పరిగె. కంప తీసినాక కోసినా."

"అది అన్నం తినే గింజ కాదు. నాలుగేళ్లు..."

"మా తమ్ముడు యాడుండాడో తెలుసునా నీకు? ఠాణాలో ఉండాడు. వాన్ని తలకిందులుగా కట్టేసినారంట. నీ రాగెన్నుని ముంచినట్టు."

సారు చాలా నెమ్మదిగా అన్నాడు. "అతను నా వేళ్లు నరికాడమ్మా. ఇక నేను పువ్వు పట్టుకోలేను."

"నువ్వు నా తల పగలగొట్టినావు. మా ఊరి ముసలామె నడుము ఇరగ్గొట్టినావు. సెయ్యి సూపించి ఏడస్తాండావే, మేము యాడ సూపీల్ల? నువ్వు పోయి నా తమ్మున్ని ఇడిపిచ్చు. వాడు గడప తొక్కినాక మూట ఇస్తా. లేదంటే ఈ నర్సమ్మతో సెప్పి ఇప్పుడే జావ కాపిచ్చుకోని తాగేస్తా. ఆకలిగానే ఉండాది."

తాగేస్తుంది. సారుకీ తెలుసు, నాకూ తెలుసు. నా వైపు చూశాడాయన, నేను తలదించుకున్నాను.

"ఇంగొగటి," అంది అమ్మ, ఇప్పుడు కళ్లు తెరిచి. "కంప తీసిందెవురు?"

అరచేయి వెనక్కి పెట్టుకున్నాను. ముల్లు దిగిన చోట చీము పట్టి చెయ్యంతా సలుపుతోంది.

"నేను," అన్నాడు సారు.

"నీ సేత్తోనేనా?"

"నా చేత్తోనే."

"ఏ సేత్తో?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, కట్టు కట్టిన చెయ్యి ముందుకు చాపాడు. అమ్మకి నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగి, అబ్బా అని తల పట్టుకుంది.

"పోయిన సెయ్యి మీద ఎంతైనా ఎయ్యొచ్చులే. పో, పోయి వాన్ని తోలుకోని రా."

సారు ఠాణాకి పోయి, కత్తి తన చేతిలోనే జారిందని రాసిచ్చాడట. ఇన్స్పెక్టరు నమ్మలేదు, నవ్వాడట. రెండు రోజులు తిప్పి మామని వదిలాడు. అప్పటికి అమ్మ కూడా ఆసుపత్రి నించి ఇల్లు చేరింది. మామ ఇంటికి వచ్చిన రోజు నేను గుర్తుపట్టలేదు. గోళ్లు లేవు. కుడి మోచెయ్యి వెనక్కి తిరిగి ఉంది, మళ్లీ ఎప్పటికీ అది నోటిదాకా వంగలేదు. గడప తొక్కాడు. సాయంత్రం సారు వస్తే అమ్మ మూట ఇచ్చింది.

సారు అక్కడే నేల మీద కూర్చుని ఎడమచేత్తో ఎన్నులు లెక్కపెట్టాడు. పదే ఉన్నాయి. రెండోసారి లెక్కపెట్టాడు. అమ్మ వైపు చూశాడు. అమ్మ ఆయన్నే చూస్తోంది.

"ఒగటి నా తమ్మునికి," అంది. "జావ కాచి పోసినా. వాని పండ్లు కదుల్తాండాయి, నమల్లేడు."

సారు పది ఎన్నులూ కండువాలో కట్టుకుని పోయాడు.

మరుసటి వానకి ఆ పది ఎన్నులూ పది వరసలయ్యాయి. పువ్వు పని నేను చేశాను. ఆయన వెనక నిలబడి చెప్పేవాడు, కోపం వస్తే కాలితో మట్టి తన్నేవాడు, మనుషుల్ని మాత్రం కొట్టలేదు. ఇప్పుడు వేడి చూసేది నా వేలు. తరవాత ఆయనకి బదిలీ అయింది, నాకు కుప్పంలో బడిపంతులుతో పెళ్లయింది. కొత్తగా కాపురానికి వెళ్లిన చోట, వానలకి ముందు సర్కారు వాళ్లు విత్తనాల మూట తెచ్చి కొత్త రకమని పంచారు. దానికి పేరు లేదు, ఒక నంబరు. రైతులు పెదవి విరిచారు. పంట ఎన్ను వేశాక నేను చేను గట్టున నిలబడి చూశాను. వేళ్లన్నీ లోపలికి ముడుచుకున్న పిడికిలి. మెడ వంచి చూశాను, విరగలేదు. పక్క చేలో పాత రాగులు మెడలు విరిగి వేలాడుతున్నాయి.

ఆ ఏడే పుంగనూరుకి పోయినప్పుడు ఆ ఎన్ను ఒకటి తీసుకుపోయి అమ్మకి చూపించాను. అమ్మ పొయ్యి ముందు కూర్చుని సంగటి కెలుకుతోంది. ముద్ద చేసి మామ నోట్లో పెట్టాలి, ఆయన చెయ్యి వంగదు కదా. ఎన్నుని అటూ ఇటూ తిప్పి చూసి, మామకి చూపించింది. మామ నవ్వాడు, ముందుపళ్లు లేవు.

నాకెందుకో అప్పుడు ఆగలేదు. చెప్పేశాను. "అమ్మా, ఆ పొద్దు కంప తీసింది నేను."

సంగటి కట్టె నా వీపు మీద పడింది. వేడి సంగటి అంటుకుని చర్మం కాలింది. ఇంకా ఒక దెబ్బ, ఇంకా ఒకటి. మామ "వద్దక్కా, వద్దు" అంటున్నాడు, లేవలేక. అమ్మ ఎగశ్వాసతో ఆగింది.

"నాకు తెల్దనుకున్నావా? ఆసుపత్రిలో నీ అరసెయ్యి సీము పట్టి ఉండాది. తుమ్మముల్లు. వాడు అబద్ధం సెప్తాండాడని నాకు ఆ పొద్దే తెలుసు."

"మరి అప్పుడు కొట్టకుండా ఇప్పుడు యాల కొడతాండావు?"

"అప్పుడు తల పగిలి ఉండాది, ఓపిక లేదు." కట్టె మళ్లీ కుండలో పెట్టింది. "ఏడిసింది సాలు. బయట మేకలొస్తాండాయి. పోయి మన సేనికి కంప అడ్డం పెట్టి రా. గట్టిగా పెట్టు."